ఉప్పుగాలిలో ఎర్రగులాబీ తీగ



కిందటిసారి కరివేపాకు మొక్క గురించి మాట్లాడినప్పుడు, "సముద్రం ఒడ్డున గులాబీ బతుకుతుందా అమ్మా?" అని ఒకావిడ ఉత్తరం రాశారు. బతుకుతుందండీ. కాకపోతే మన ఇష్టప్రకారం కాదు, దాని ఇష్టప్రకారం. నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. మొక్కల శాస్త్రం చదవలేదు. రెండు మొక్కల్ని పోగొట్టుకుని మూడోదాన్ని నిలబెట్టుకున్నాను, అంతే. ఆ సంగతే ఈవేళ చెబుతాను.

మాది విశాఖపట్నంలో పెదవాల్తేరు. డాబా ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. ఇంటిముందు జాగా పట్టుమని పదడుగులు లేదు. ఒక పక్క మావారి స్కూటరు, ఒక పక్క తులసికోట, మిగిలింది పక్కనున్న ప్రహరీగోడ. ఆ గోడ నిండా ఎర్రగులాబీలు పూయాలని నా కోరిక. పెద్దజాతి తీగగులాబీలు ఇరవై అడుగులు పాకి డాబా ఎక్కి కూర్చుంటాయి. మనబోటివాళ్ళ వాకిళ్ళకు అవి పనికిరావు. ఏడెనిమిది అడుగుల్లో ఆగిపోయే పొట్టి తీగ కావాలి. అలాంటివి ఉన్నాయి. న్యూజిలాండులో శామ్ మెక్‌గ్రెడీ అనే ఆయన 1975లో లోకానికిచ్చిన 'డబ్లిన్ బే' అనే ఎర్రగులాబీ ఇందుకు పేరుపడింది. బే అంటే అఖాతం కదా, పేరులోనే సముద్రం ఉంది! అయితే ఆ పిల్ల కూడా ఒక్కోసారి పాకనని మొండికేసి పొదలాగే ఉండిపోతుందట. నా మొక్క ఆ జాతిదేనని మాత్రం చెప్పను. నాకు అమ్మినతను "రెడ్ క్లైంబరమ్మా" అన్నాడు. అంతకుమించి జాతకం చెప్పలేదు.

మొదటి మొక్క కథ చెబితే మీరు నవ్వుతారు. ఊళ్ళో ఒక మొక్కల దుకాణంలో కొన్నాను. ఏడాది తిరక్కుండా ఎనిమిది అడుగులు పెరిగింది. వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయాను. పువ్వు మాత్రం ఒక్కటి లేదు. ఒకరోజు పక్కింటి పిన్నిగారు వచ్చి, మొదట్లో మట్టి వేలితో తీసి చూసి, "నువ్వు పెంచింది గులాబీని కాదే, దాని కింది అడవి వేరుని" అన్నారు. కొన్న గులాబీ మొక్కలు చాలామటుకు అంటుమొక్కలే. మొండిజాతి వేరు మీద మంచిజాతి మొగ్గను అతికిస్తారు. ఆ అతుకు దగ్గర బుడిపెలాగా ఉంటుంది. బుడిపెకు పైన వచ్చిన చిగురు మనది. కింద వచ్చినది వేరుమొక్కది. దాన్ని ఉండనిస్తే మొత్తం బలం అదే లాక్కుంటుంది, పైనున్న మంచిమొక్క చచ్చిపోతుంది. నా వాకిట్లో జరిగింది అదే. కింది చిగురు కనిపిస్తే కత్తెరతో కొయ్యకండి, మళ్ళీ వస్తుంది. మట్టి తీసి, పుట్టినచోట పట్టుకుని కిందికి లాగి పీకెయ్యాలి.

రెండోదాన్ని నీళ్ళతో చంపాను. సముద్రానికి దగ్గరలో చాలా బోర్లలో నీరు ఉప్పన. మా బోరూ అంతే. రోజూ శ్రద్ధగా ఆ నీళ్ళే పోశాను. కొన్నాళ్ళకు మట్టి మీద తెల్లటి పొర కట్టింది, ఆకుల అంచులు కాల్చినట్టు మాడిపోయాయి. ఎండదెబ్బ అనుకుని ఇంకా ఎక్కువ పోశాను! అప్పటినుంచీ మొక్కకు కుళాయినీరు, వాననీరు, లేదంటే బియ్యం కడిగిన నీళ్ళు. బోరునీళ్ళు గచ్చు కడగడానికే.

మూడోదాన్ని 2011 డిసెంబరులో నాటాను. కార్తీకం వెళ్ళాక నాటడం నా పద్ధతి. అప్పటికి తుపానుల భయం తగ్గుతుంది, ఎండా మెత్తబడుతుంది. మాది ఇసుకనేల. నీరూ నిలవదు, బలమూ నిలవదు. అందుకని అడుగున్నర లోతు గొయ్యి తీయించి, ఆ ఇసుకలో సగం పారబోసి, ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పిళ్ళ వేపపిండి కలిపి నింపాను. ఎముకల పొడి కూడా మంచిదే. కాని మా అత్తగారు దాన్ని గేటు దాటనివ్వలేదు. అది లేకుండానే పూసింది లెండి. గోడకు ఆనించి నాటకండి, జానెడైనా ఎడం ఉండాలి. మధ్యాహ్నం గోడ పొయ్యిలా కాగుతుంది. ఎరువు కూడా ఒక్కసారి కుమ్మరించకుండా నెలనెలా గుప్పెడు వేస్తే ఇసుకనేలకు సరిపోతుంది.

ఇక గాలి. మా ఊళ్ళో ఇదొక చిక్కు. గులాబీకి రోజుకు అయిదారు గంటల ఎండ కావాలి, అందులోనూ పొద్దుటి ఎండ శ్రేష్ఠం. ఆ పొద్దుటి ఎండ వచ్చేదీ, ఉప్పుగాలి వచ్చేదీ ఒకే వైపునుంచి. గాలిని ఆపాలని రేకు అడ్డం పెట్టించాను. అది పైనుంచి సుడి తిరిగివచ్చి మొక్కను ఇంకా కుదిపింది. గాలిని పూర్తిగా ఆపకూడదు, జల్లెడ పట్టాలి. బీచి పొడుగునా సరుగుడు చెట్లు పెంచేది అందుకేగా. నేను గేటువైపు రెండు పాత డ్రమ్ముల్లో గన్నేరు వేశాను. గన్నేరు ఉప్పుగాలికి జంకదు. కాని అది విషం, పసిపిల్లలున్న ఇంట్లో జాగ్రత్త సుమండీ. గాలి గట్టిగా వీచిన మర్నాడు పొద్దున్నే గులాబీ ఆకుల్ని మంచినీళ్ళతో కడిగేస్తాను. పొద్దుటే ఎందుకంటారా? తడి ఎండకు ఆరిపోవాలి. సాయంత్రం తడిపితే మన ఉక్కవాతావరణంలో ఆకుల మీద నల్లమచ్చలు వస్తాయి. మచ్చపడి రాలిన ఆకుల్ని ఎప్పటికప్పుడు ఏరి పారెయ్యండి, మొదట్లో కుప్ప పడనివ్వకండి.

తీగ అంటామే గాని గులాబీ చిక్కుడుపాదులా చుట్టుకోదు, బీరపాదులా నులితీగలు వెయ్యదు. మనమే కట్టాలి. గోడకు మేకులు కొట్టించి అడుగు అడుగుకీ తీగ లాగించాను. కొమ్మల్ని వాటికి పాత చీర పేలికలతో, వేలు దూరేంత వదులుగా కట్టాను. ఇనపతీగతో కడితే కొమ్మ లావయ్యేకొద్దీ కోసుకుపోతుంది. ఈ కట్టడంలోనే ఉంది అసలు కిటుకు. కొమ్మను నిలువుగా పోనిస్తే కొసనే పూస్తుంది. ఆ పూలు గోడవతలి వాళ్ళకు, మనకు ముళ్ళు. కొమ్మ లేతగా ఉన్నప్పుడే కొద్దికొద్దిగా పక్కకు వంచి, విసనకర్రలా పరిచి కట్టండి. అప్పుడు ప్రతి కణుపునుంచీ చిన్న రెమ్మ లేచి, ఒక్కొక్క రెమ్మకూ గుత్తి వస్తుంది. మా ఇంటికొచ్చిన ఒక పెద్దాయన ఇది చూసి, "చూశావా అమ్మాయ్, వంచితేనే పూస్తుంది. ఆడపిల్లా అంతే" అన్నారు. "ఏమోనండీ, ఎక్కువ వంచితే విరుగుతుంది కూడా. ఇదిగో, కిందటివారం విరిచాను" అని ఆ కొమ్మ చూపించాను. ఆయన కాఫీ తాగి వెళ్ళిపోయారు.

ఇలా మూడేళ్ళు పెంచాను. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను మా ఊరిమీదే తీరం దాటింది. గాలివేగం గంటకు 180 కిలోమీటర్లన్నారు. మర్నాడు తలుపు తీసి చూస్తే కొండల మీద పచ్చదనం లేదు, నిప్పు పెట్టినట్టు గోధుమరంగు. గన్నేరు డ్రమ్ములు వీధిలో దొర్లుతున్నాయి. గోడ సగం కూలింది. గులాబీ కొమ్మలు అయిదింట్లో మూడు విరిగిపోయాయి, ఉన్న రెంటికీ ఆకు లేదు. వాన పడింది గనుక ఉప్పు కొంత కడుక్కుపోయింది గాని, కొమ్మ తాకి నాలుకతో చూస్తే ఇంకా ఉప్పగానే ఉంది.

రోజుల తరబడి కరెంటు లేదు, కుళాయి రాలేదు. ఇంట్లో ఉన్నవి రెండు బిందెల నీళ్ళు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. నేను చెంబుడు మంచినీళ్ళు తీసుకెళ్ళి ఆ కొమ్మల మీద పోశాను. వెనకనుంచి అత్తగారు చూశారు. "పిల్లలకు తాగడానికి కరువైతే, మొక్కకా?" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? నేను మాట్లాడలేక లోపలికి వచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్న చూస్తే, గుమ్మం పక్కన గిన్నెలో బియ్యం కడిగిన నీళ్ళు పెట్టి ఉన్నాయి. ఆవిడే పెట్టారు. ఏమీ అనలేదు. కుళాయి వచ్చేదాకా రోజూ పెట్టారు.

నవంబరు మధ్యలో మొదట్లోంచి ఎర్రటి చిగురొకటి లేచింది. నా గుండె ఆగినంత పనైంది. మనదా, అడవిదా? కూర్చుని వేలితో మట్టి తీసి చూశాను. బుడిపెకు పైనే! రథసప్తమి నాటికి ఒకే ఒక్క పువ్వు పూసింది. "దేవుడికి కొయ్యనా?" అని అత్తగారు అడిగారు. "ఈసారికి ఉండనివ్వండత్తయ్యా" అన్నాను. సరే అన్నారు. రేకులు రాలేదాకా రోజూ దీపం పెట్టాక వెళ్ళి చూసి వచ్చేవారు.

ఇప్పుడది కొత్తగోడ నిండా ఉంది. వాసన అంతగా ఉండదు. జడలోకి కావాలంటే మన దేశవాళీ గులాబీ వేసుకోండి. కత్తిరింపు అడిగినవారికి ఒక్కమాట: తీగగులాబీని మామూలు గులాబీలా అక్టోబరులో మోకాలెత్తుకు నరికెయ్యకండి. ఎండుకొమ్మలు, బాగా ముదిరినదొకటి తీసేసి, పూసిపోయిన పక్కరెమ్మల్ని రెండుమూడు కణుపులుంచి కత్తిరించండి. కత్తెర పదునుగా ఉండాలి. నాది మొద్దుబారింది, సాన పట్టించమని మావారికి చెప్పి నెలయింది.