వేసవి సెలవులు - కూరగాయల మడి, ఊరగాయ జాడి
పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగము



ఏటేటా ఈ సభలో మేము మార్కులను గూర్చియు, హాజరును గూర్చియు మాట్లాడుట వాడుక. ఆ లెక్కలన్నియు నివేదికలో అచ్చయి మీ చేతులలో నున్నవి. కావున ఈ పూట రాబోవు వేసవిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిమి. బడికి తాళము పడిన నాటినుండి జూన్ నెల వరకు బిడ్డ చదువు మీ చేతిలోనే యుండును. ఆ దినములలో మీ యింట ఒక చిన్న కూరగాయల మడియు, ఒక ఊరగాయ జాడియు ఉండవలెనని మా కోరిక.

ఈ కోరిక కలుగుటకు కారణము చెప్పెదము. గత సంవత్సరము అయిదవ తరగతి పాఠములో 'పాదు' అను మాట వచ్చినది. పిల్లలు దానిని తప్పులేకుండ చదివిరి, పలకరించినట్లు వ్రాసిరి. అర్థమడుగగా పెక్కుమంది మౌనము వహించిరి. వారిలో చాలమంది తాతలు సేద్యము చేసినవారే. పిమ్మట పిందె, టెంక, ఊట, వాసెన అను మాటలను అడిగి చూచితిమి. ఫలితము ఇంచుమించుగా అదియే. అక్షరము వచ్చినది గాని వస్తువు ఎరుగరు. పాదు చేయని బిడ్డకు పాదు అను మాట ఎట్లు నిలుచును?

1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఏ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. అది బడిని గూర్చిన మాట. పెరటిలోను, వంటయింటిలోను తెలుగు నిలుపుటకు ఏ అధికరణమును లేదు. అక్కడి అధికారము తల్లిదండ్రులది.

పెరడు లేదని కొందరనవచ్చును. హోసూరులో అద్దె ఇండ్లలో కాపురముండి కర్మాగారములలో షిఫ్టు పని చేయువారు మీలో పలువురున్నారు. వారికి మిద్దెమీద నాలుగు తొట్లు చాలును. అడుగున బెజ్జములు చేసిన పాత బస్తా అయినను చాలును. ఎఱ్ఱమట్టి రెండు పాళ్ళు, బాగుగ మాగిన పశువుల యెరువు ఒక పాలు కలిపి నింపవలెను. పచ్చి పేడ వేసినచో వేళ్ళు చెడును.

తొలి వేసవిలో నాలుగు రకములకు మించి పెట్టవలదు. తోటకూర, బెండ, గోరుచిక్కుడు, బీర. తోటకూర నెల లోపుననే కోతకు వచ్చును. బిడ్డలకు ఓపిక తక్కువ గనుక అది మొదట ఉండవలెను. బెండగింజలను ఒక రాత్రి నానబెట్టి మార్చి మొదట నాటినయెడల, ఇంచుమించు ఏబది దినములకు, అనగా సెలవులు మొదలగు నాటికి, కాయలు వచ్చుట ఆరంభించును. కాయను రెండుదినములకొకమారు కోయవలెను. ముదురనిచ్చినచో పీచు పట్టును, చెట్టు కాపు తగ్గును. ఆకుల ఈనెలు పసుపుపచ్చగా మారిన బెండ మొక్కను జాలిపడక పెరికివేయవలెను. ఆ తెగులును తెల్లదోమ ఒక మొక్కనుండి మరియొక మొక్కకు చేర్చును.

బీరతీగకు పందిరి కావలెను. కొత్తవారు బీర విషయమున త్వరగా నిరాశ చెందుదురు. మొదట పూచిన పూలన్నియు రాలిపోవుచున్నవని మందుల అంగడికి పరుగెత్తుదురు. అవి మగపూలు, రాలుట వాని స్వభావము. కొన్ని దినములకు ఆడపూలు వచ్చును. పూవు క్రింద వ్రేలెడు పిందె కనిపించినచో అది ఆడపూవు. బీరపూవు సాయంకాలమున విచ్చును. తేనెటీగలు రాని మిద్దెలమీద, మగపూవును త్రుంచి దాని పుప్పొడిని ఆడపూవునకు తాకించినయెడల పిందె నిలుచును. ఈ పని బిడ్డచేత చేయింపుడు. పరాగసంపర్కమను పాఠము అటుపై మేము చెప్పనక్కరలేదు.

నీరు ఉదయమునగాని, సాయంకాలమునగాని పోయవలెను. పాదులో ఎండుటాకులు పరచినచో తడి నిలుచును. పేనుబంక పట్టినచో మొదట నీటితో గట్టిగా కడుగవలెను. తగ్గనిచో వేపగింజల పప్పును దంచి, లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున రాత్రి నానబెట్టి, వడకట్టి చల్లవలెను.

ఇక జాడి మాట. మన కృష్ణగిరి జిల్లా, 2004లో ధర్మపురినుండి వేరుపడక పూర్వమునుండియు, మామిడికి పేరుపొందిన సీమ. తోతాపురి కాయ లారీలకొలది గుజ్జు కర్మాగారములకు పోవుచున్నది. మన పెరటిచెట్టు కాయయో, గాలికి రాలి చెట్టుక్రింద చెడుచున్నది. అంగడినుండి ఊరగాయ సీసా ఇంటికి వచ్చుచున్నది. ఇది వింతగా లేదా?

ఆవకాయకు పుల్లని, గట్టి కాయను కోసి తేవలెను. నేలరాలి దెబ్బ తగిలిన కాయ పప్పులోనికి పనికివచ్చును గాని జాడికి పనికిరాదు. కడిగి, తడి లేకుండ తుడిచి, టెంకతో ముక్కలు కొట్టి, జీడిని తీసివేయవలెను. నాలుగు గిన్నెల ముక్కలకు గిన్నెడు ఆవపిండి, గిన్నెడు కారము, గిన్నెకు కొంచెము తక్కువగా ఎండిన కల్లుప్పు పొడి, ముక్క మునుగునంత నువ్వులనూనె. మూడవనాడు తిరగకలిపి, ఉప్పు చూచి, నూనె పైకి తేలునట్లు చేసి, జాడికి వాసెన కట్టవలెను. పింగాణి జాడి గాని, గాజుసీసా గాని వాడవలెను. అల్యూమినియము, ఇత్తడి పాత్రలను పులుపు తినివేయును.

ఇందులోని శాస్త్రమును బిడ్డకు చెప్పుడు. ఉప్పు ముక్కలోని నీటిని వెలికి లాగును. ఆ నీరే ఊట. ఉప్పు, పులుపు తగినంత యున్నచోట కుళ్ళించు సూక్ష్మజీవులు పెరుగజాలవు. పైనున్న నూనె గాలిని ఆపును గనుక బూజు పట్టదు. తడిచేయి, తడిగరిటె వేసినచో ఈ ఏర్పాటు చెడును. అవ్వ తడిచేతిని జాడి దగ్గరకు రానీయకపోవుటకు కారణమిదియే. పండిన కాయలు మిగిలినచో రసము తీసి, బెల్లము కలిపి, చాపమీద పలుచగా పూసి, పొర ఆరిన పిమ్మట పొర వేసి తాండ్ర చేయవచ్చును. ఎండ మనకు కొదువ లేదు.

మన బిడ్డలు తమిళము నేర్చుచున్నారు. నేర్వవలసినదే. కన్నడము చెవిని పడుచున్నది. అదియు మేలే. మనము ఊరగాయ అనుదానిని తమిళులు ఊఱుకాయ్ అందురు. రెంటను ఊరుటయే యున్నది. కన్నడిగులు ఉప్పినకాయి అందురు. వారు ఉప్పును తలచిరి. మూడు భాషలు ఒక జాడి చుట్టు కూర్చున్నట్లున్నది. పొరుగువారి మాట నేర్చుకొనుట లాభము. తన యింటి మాట పోగొట్టుకొనుట నష్టము. ఒకదానికొకటి వెల కానక్కరలేదు.

మాకు కలుగు భయమొక్కటి దాచక చెప్పెదము. ఏ కాయకు ఎంత ఉప్పు, ఏ కార్తెలో ఏ గింజ అను లెక్కలు మన యిండ్లలో కాగితముమీద లేవు. అవి అవ్వల చేతిలో నున్నవి. వారిలో పలువురు చదువుకొననివారు. ఏటికేడు మనలను విడిచి పోవుచున్నవారు. వారి మనుమలకు మేము వ్రాత నేర్పితిమి. వ్రాత నేర్చిన బిడ్డ, లెక్క తెలిసిన అవ్వ ఒకే యింట నుండగా ఆ లెక్క పోయినయెడల, మన తెలుగు బడి దేనికొరకు?

కావున జూన్ నెలలో బడి తెరచిననాడు ప్రతి బిడ్డయు రెండు వస్తువులు తేవలెనని కోరుచున్నాము. ఒకటి, తాను పెంచిన మొక్కనుండి తీసిన గింజల పొట్లము, దానిమీద తెలుగులో పేరు. ఇందుకై ఒక కాయను కోయక చెట్టుననే ఎండనీయవలెను. సంకరజాతి గింజలు మరుసటి యేట అదే కాపు నీయవు గనుక, నాటునప్పుడే నాటు విత్తనము చూచుకొనవలెను. వేసవి తుదకు కాయ ఎండకున్నచో తొందరలేదు. జూలైలో తెచ్చినను పుచ్చుకొందుము. రెండవది, అవ్వయో అమ్మయో చెప్పగా బిడ్డ తన చేతితో వ్రాసిన ఒక పుట: ఆ యింటి ఊరగాయ, దాని కొలతలు, ఆ యింట వాడు మాటలతోనే. గోంగూర యనినను, గోగాకు అనినను దిద్దము. ఆ పుటలను వచ్చు సంచికలో అచ్చు వేయించెదము.

మొక్క ఎండినను, ఊరగాయకు ఉప్పు చాలకున్నను బిడ్డను మందలింపకుడు. తొలి వేసవి కాపు తక్కువగనే యుండును. రెండవ వేసవికి బిడ్డయే మీకు చెప్పును.