ఎడమకాలికి పనిలేని కారు
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శిగారు నన్ను రాబోయే కార్ల గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. రాబోయేవాటి సంగతి చెప్పడానికి మన మనవలున్నారు. పోతున్నవాటి గురించయితే నాకూ కాస్త అనుభవం ఉంది. దానితోపాటు పోయిన ఏడాది నావల్ల జరిగిన ఒక తప్పు కూడా మీముందు ఒప్పుకోవాలని ఉంది.

నేను డ్రైవింగు నేర్చుకున్నది పాత అంబాసిడర్ మీద. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండేది. ముందుసీటు ఒకటే బల్లలాగ ఉండి ముగ్గురు కూర్చునేవాళ్ళం. చలికాలం పొద్దున్నే చోక్ లాగాలి. సెల్ఫ్ పలక్కపోతే ముందు రంధ్రంలో హ్యాండిల్ పెట్టి తిప్పాలి. బొటనవేలు కూడా మిగతా వేళ్ళవైపే ఉంచమని గురువుగారు ముందుగా నేర్పిన పాఠం. ఇంజను వెనక్కి తన్నితే వేలు విరుగుతుంది. అమెరికాలో 1912లోనే కాడిలాక్ కారుకు కరెంటు స్టార్టరు వచ్చింది గాని, మనం ఆ హ్యాండిల్‌ని చాలా కాలం డిక్కీలో మోశాం. ఆ అంబాసిడర్ తయారీ కూడా 2014 మేలో ఆగిపోయింది.

ఆ బండిలో ఎడమకాలికి రెండు ఉద్యోగాలు. ఒకటి క్లచ్చి, రెండోది నేలమీది డిప్పర్ మీట. ఎదురుగా లారీ వస్తే కాలితో ఆ మీట నొక్కి లైటు దించేవాళ్ళం. డిప్పర్ ఎప్పుడో స్టీరింగు దగ్గరికి వెళ్ళిపోయింది. ఇప్పుడు క్లచ్చి కూడా పోతున్నది. 2014లో మారుతి సెలెరియోతో చవక కారులోకి కూడా ఆటోమేటిక్ గేరు వచ్చింది. అందులో క్లచ్చి ఉంటుంది గాని దాన్ని యంత్రమే నొక్కుకుంటుంది. బ్యాటరీ కార్లలో అయితే ఆ పెడలూ లేదు, మార్చడానికి గేర్లూ లేవు.

ఇక నా తప్పు. మా అబ్బాయి ఆటోమేటిక్ కారు కొన్నాడు. మా ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని బజారుకు బయలుదేరాను. స్పీడు బ్రేకరు కనపడగానే, నలభై ఏళ్ళ అలవాటు కదా, ఎడమకాలు క్లచ్చి కోసం వెళ్ళి బ్రేకు మీద పడింది. క్లచ్చిని నొక్కినట్టే అడుగంటా నొక్కాను. బండి ఉన్నచోటనే నిలిచిపోయింది. బెల్టు ఉండబట్టి మా ఆవిడ తల ముందు అద్దానికి తగల్లేదు. వెనక స్కూటరు మీద ఒక తండ్రి, ముందు నిలబడ్డ చిన్నపిల్ల. ఆయన పక్కకు కోసి, డ్రైనేజీ అంచున ఆగాడు. నన్ను తిట్టలేదు. “పెద్దాయనా, ఏమయింది?” అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. తిరిగి వస్తూ మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అది తిట్టుకన్నా ఎక్కువ.

తాళాలు మా అబ్బాయికి ఇచ్చేసి ఊరుకుందామనుకున్నాను. కాని నెలకోసారి కంటి డాక్టరు, బ్యాంకు, పెళ్ళిళ్ళు, ప్రతిదానికీ ఎవరినో ఒకరిని అడుక్కోవడం మీకు తెలియనిది కాదు. అందుకే నెలరోజులు పొద్దున్నే ఖాళీ మైదానంలో సాధన చేశాను. ఎడమకాలు వెనక్కి లాగి సీటుకు ఆనించి, మడమ కదలకుండా పెట్టుకున్నాను. కుడికాలు ఒక్కటే రెండు పెడళ్ళకూ. మొదటి వారం ఎడమకాలు తనంతట తానే లేచేది. నాలుగో వారానికి లొంగింది.

మిగతావి పోతే నాకు బాధ లేదు. స్టెప్నీ కూడా పోవచ్చు. ఆ పేరు వేల్సు దేశంలోని ఒక వీధి పేరట. ట్యూబులేని టైర్లు, గాలి తగ్గితే చెప్పే యంత్రం, అతుకు సామగ్రి ఉంటే కారుకు అదనపు చక్రం తప్పనిసరి కాదని 2020లో మన ప్రభుత్వమే నిబంధన మార్చింది. చేతి సిగ్నళ్ళు ఎప్పుడో పోయాయి. ఏసీ వేసి అద్దాలు మూస్తే చెయ్యి ఎక్కడ పెడతాం? ఆటోవాళ్ళు మాత్రం కాలు బయటపెట్టి ఆ సంప్రదాయం నిలబెడుతున్నారు!

కాని తాళం చెవి పోవడం మనవంటి వాళ్ళకు చిన్న విషయం కాదు. చెవి తిప్పి చేతిలోకి తీసుకుంటే బండి ఆగినట్టు లెక్క. ఇప్పుడు బటను. బ్యాటరీ బండికి చప్పుడూ ఉండదు. గేరు ‘డి’లో ఉండగానే దిగబోయిన మిత్రుడొకాయన మనలోనే ఉన్నారు, పేరు చెప్పను. నేను దిగేముందు పైకే చెప్పుకుంటాను: “పి, బ్రేకు, బటను.” మా మనవరాలు నవ్వుతుంది, నవ్వనీయండి.

వెనక్కి తిరిగి చూసే అలవాటు కూడా పోతున్నది. 2019 జూలై నుంచి కొత్త కార్లకు రివర్సు సెన్సారు తప్పనిసరి. మంచిదే. అయినా మెడ తిరిగినన్నాళ్ళూ తిప్పుదాం. తిరగకపోతే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. యాభై అయిదు దాటినవారికి లైసెన్సు అయిదేళ్ళకే ఇస్తారు, డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. తెలిసిన డాక్టరు గదా అని చూడకుండా సంతకం పెట్టించుకోకండి. ఈసారి నా కళ్ళు నిజంగానే పరీక్ష చేయించుకున్నాను. రాత్రిపూట నడపవద్దన్నారు. మానేశాను.

ఇంట్లో పిల్లలు ఆటోమేటిక్ కారు కొన్నవారు ఎవరైనా ఉంటే, ఆదివారం ఉదయం ఆరు గంటలకు మైదానానికి రండి. నేను పక్కన కూర్చుంటాను. చెప్పులు వద్దు, బూట్లు వేసుకురండి.