దూరమున నున్నవారికి ఇంటి తాళపుచెవి

నల్లగొండ జిల్లా దేవరకొండ వైపున గాని, పాలమూరు పల్లెలలో గాని నడచినచో, తాళము వేసిన యిండ్లును, ముసలివారే మిగిలిన యిండ్లును కానవచ్చును. పాలమూరు కూలీలు ఆనకట్టల పనులకై దేశమంతయు తిరిగినది పాత ముచ్చట. నేడు చదువుకొన్న పిల్లలు హైదరాబాదునకో, అమెరికాకో పోవుచున్నారు. తల్లిదండ్రులను చూచుకొనుటకు వాకిట నొక కెమెరా పెట్టుచున్నారు.

మేమును అట్లే చేసితిమి. దూరమునుండి చూచుటకని రౌటరులో ఆ కెమెరాకొక పోర్టు తెరచితిమి. పోర్టనగా ఇంటర్నెట్టు వైపు తెరచుకొను ద్వారము. కెమెరాతో వచ్చిన పాస్‌వర్డును మాత్రము మార్చమైతిమి. అట్టి ద్వారములను రాత్రింబవళ్లు వెదకు యంత్రములు లోకమున కలవని తరువాత తెలిసినది. మా అమ్మ వాకిట కూర్చుండి బియ్యమేరుటను ఎవరెవరు చూచిరో నేటికిని మాకు తెలియదు.

దీనికి విరుగుడు ఇంటిలోనే పెట్టుకొను వీపీఎన్ సర్వరు. అది ఇంటర్నెట్టు గుండ మన ఫోనునుండి మన యింటివరకు సాగు రహస్యమార్గము. పెద్ద యంత్రమక్కరలేదు. అరచేతిలో ఇముడు రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరు చాలును. కరెంటు పోయి వచ్చినప్పుడు తనంతట తాను మొదలగునట్లు అమర్చవలెను. అందులో వైర్‌గార్డ్ అను ఉచిత ప్రోగ్రామును నడుపవలెను. ఇది 2020 మార్చిలో లినక్స్ కెర్నెల్‌లో చేరినది.

ప్రతి పరికరమునకును రెండు చెవులుండును. ఒకటి రహస్యము; అది ఆ పరికరమును విడిచి పోరాదు. రెండవది బహిరంగము, ఫోనుది సర్వరునకును, సర్వరుది ఫోనునకును ఇయ్యవలెను. పిమ్మట కెమెరా పోర్టును మూసివేసి, 51820 అను యూడీపీ పోర్టును మాత్రము సర్వరు వైపు మళ్లింపవలెను. చెవి లేనివాడు వచ్చి తట్టినచో వైర్‌గార్డ్ పలుకనైన పలుకదు. ఫోను పోయినచో సర్వరులో దాని చెవిని కొట్టివేసిన చాలును.

మొదట మాకిది పనిచేయలేదు. ఐపీవీ4 చిరునామాలు సుమారు 430 కోట్లే గనుక, కంపెనీలు పెక్కిండ్లకు ఒకే బయటి చిరునామాను పంచుట కలదు. రౌటరులో కనబడు బయటి చిరునామా 100.64 మొదలు 100.127 వరకు గల అంకెలతో ఆరంభమైనచో సంగతి అదేయని గ్రహింపవలెను. బయటినుండి వచ్చు పిలుపు అట్టి యింటికి చేరదు. అదనపు రుసుము చెల్లించి స్థిరమైన చిరునామాను పొందిన పిమ్మటనే మా పని నెరవేరినది.

ఇది మనలను అదృశ్యులను చేయు అంజనము కాదు. హోటలు వైఫైలో నున్నప్పుడు ఈ మార్గమున పోవు మన మాటలు హోటలువానికి తెలియవు. కాని ఇంటినుండి మనము ఏయే తావులకు పోవుచున్నామో ఇంటి ఇంటర్నెట్టు కంపెనీకి తెలియుచునే యుండును.

అంతయు అమరిన పిమ్మట అమ్మకు జరిగినది చెప్పితిమి. ఆమె కొంతసేపూరకుండి, “నన్నేం జూస్తరు బిడ్డా, దర్వాజను జూడుండ్రి” అన్నది. ఆ మాట మేము ముందే అడిగి తెలిసికొనవలసినది. కెమెరాను దర్వాజా వైపు త్రిప్పితిమి.