యంత్రశ్వాసకు మితము

నూతన వైద్యపట్టభద్రులారా,

1952వ సంవత్సరమున కోపెన్‌హాగెన్ నగరమందు పోలియో ప్రబలి, శ్వాసకండరములు చచ్చుబడిన రోగులు బ్లెగ్దామ్ ఆసుపత్రికి వెల్లువగా రాగా, మత్తువైద్యుడైన బ్యోర్న్ ఇబ్సెన్ సూచించిన మార్గమున, మీ యీడు వైద్యవిద్యార్థులే వంతులు వేసికొని మంచముల చెంత కూర్చుండి, కంఠమున చేసిన రంధ్రముగుండ రబ్బరుసంచిని పిసుకుచు రేయింబవళ్లు వారికి ఊపిరి పోసిరి. నేడా పని వెంటిలేటరు చేయుచున్నది. సంచి బిగువు నాడు చేతికే తెలిసెడిది, యంత్రమునకు మాత్రము మితము మనమే నిర్ణయింపవలయును.

ఆ మితము తప్పినచో ఊపిరితిత్తులు నీట మునుగును. స్టార్లింగ్ అను శరీరధర్మ శాస్త్రజ్ఞుడు 1896లో వివరించినట్లు, కేశనాళికలలోని పీడనము ద్రవమును వెలికి నెట్టుచుండ, రక్తమందలి ప్రోటీనులు దానిని లోపల నిలుపుచుండును. వెలికి జారిన కొలదిపాటి నీటిని శోషరసనాళములు ఎప్పటికప్పుడు తొలగించును. యంత్రము గాలిని అతిగా నింపినపుడు పలుచని నాళికల గోడలు సాగి, బీటలువారి, ప్రోటీనులతోగూడిన ద్రవము వాయుకోశములలోనికి చొరబడును. అదియునుగాక, ఛాతీలో పీడనము హెచ్చుటచే హృదయమునకు మరలివచ్చు రక్తము తగ్గును, శోషరసము సిరలలో కలియుట దుష్కరమగును, దేహమున రక్తమే కొరవడినదన్నట్లు మూత్రపిండములు ఉప్పును నీటిని బిగబట్టును.

1974లో వెబ్, టియర్నీ అను పరిశోధకులు 45 సెంటీమీటర్ల నీటిమట్టమునకు సమమైన పీడనముతో ఎలుకలకు గాలి ఎక్కింపగా, గంట తిరుగకమునుపే వాని ఊపిరితిత్తులు నీటితో నిండినవి. ఊపిరి విడుచువేళ 10 సెంటీమీటర్ల పీడనము నిలిపిన వానికి హాని చాల తగ్గెను. మనుష్యులలో గాలిని మితపరచుటవలని ఫలము 2000వ సంవత్సరమున 861 మంది రోగుల అధ్యయనమున తేటపడినది: ఒక్కొక్క ఊపిరికి కిలోకు 12 మిల్లీలీటర్లకు మారుగా 6 మాత్రమే ఈయగా మరణములు నూటికి సుమారు 40 నుండి 31కి దిగినవి. అచటి కిలోలు తూకపు కిలోలు కావు, ఎత్తునుబట్టి లెక్కించినవి. దేహము లావెక్కినంత మాత్రమున ఊపిరితిత్తులు పెరుగవు గదా! కావున టేపుతో రోగిని తల నుండి మడమవరకు కొలువుడు. 170 సెంటీమీటర్ల పురుషునకు ఒక ఊపిరికి 400 మిల్లీలీటర్లు చాలును.

యంత్రముపై నున్నవారి మూత్రపిండములు నీటిని బిగబట్టునంటిమి గదా, ఇక సెలైను మాట. 2006లో వేయిమందిపై జరిగిన పరీక్షలో, ద్రవములను మితపరచిన వారిలో మరణములు చెప్పుకొనదగినంతగా తగ్గలేదు గాని, వారు యంత్రమునుండి త్వరగా విముక్తులైరి. రక్తపోటు కుదుటపడిన పిదప, నర్సమ్మ మరియొక సీసా తగిలింపవలెనా యని మిమ్మడిగినపుడు, మూత్రపు లెక్కను, నిన్నటి కూడికను చూచియే ఉత్తరువు వ్రాయుడు.