ముకుళించే ఆకులు

(ఆషాఢ మాసంలో వరంగల్‌లో భక్తుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భద్రకాళి అమ్మవారిని కూరగాయలతో, ఆకులతో, పండ్లతో శాకంబరిగా అలంకరించుకునే ఈ మాసంలో మొక్కలను గురించి నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు ఆదేశించారు. నేను వృక్షశాస్త్రం బోధించి విశ్రాంతి పొందినవాడిని. తులసిని గురించి, మారేడును గురించి మీకు నేను కొత్తగా చెప్పవలసినది తక్కువ. అందుచేత కొన్నేళ్లుగా మన ఇళ్లలోకి వచ్చి చేరిన ఒక పరదేశపు మొక్కను ఎన్నుకున్నాను. నర్సరీలవారు దానిని ‘ప్రేయర్ ప్లాంట్’ అంటారు. ప్రార్థన మొక్క అన్నమాట. మారాంటా, కెలాథియా అనే పేర్లతో కూడా అమ్ముతారు. పగలు పరచుకొని ఉన్న దాని ఆకులు సంధ్యవేళకు మెల్లగా పైకి లేచి, జోడించిన చేతులవలె నిలుస్తాయి. ఆ పేరుకు కారణం అదే.

ఆ పేరే చిక్కును కూడా తెచ్చిపెట్టింది. పవిత్రమైనదని తలచి గృహప్రవేశాలకు కానుకగా ఇస్తున్నారు. అది ఎండితే ఇంటికి అశుభమని బెంగపడుతున్నారు. మొన్నటి వేసవిలో ఒక తల్లి మాడిన మొక్కను కుండీతో సహా సంచిలో పెట్టుకొని నా వద్దకు వచ్చింది. కొత్త కోడలు కాపురానికి వచ్చిన నెలలోనే ఇలా అయిందనీ, శాంతి జరిపించవలెనా అనీ అడిగింది. ఆ కోడలు పక్కనే తలవంచుకొని నిలబడి ఉన్నది. కుండీని చూశాను. ఆకుల అంచులు గోధుమరంగుకు మారి పెళుసుబారాయి. మట్టిపై తెల్లని పొర కట్టింది. “ఏ నీళ్లు పోస్తున్నారమ్మా?” అన్నాను. తాగునీటి ఆర్‌ఓ యంత్రం బయటకు వదిలే నీరు వృథా పోనీయడం ఎందుకని అదే పోస్తున్నామన్నది. బోరునీటిలోని లవణాలు మరింత చిక్కబడేది ఆ వదిలిన నీటిలోనే. గిన్నెలు తోముకోవడానికి అది పనికివస్తుంది గానీ, ఈ మొక్కకు విషంతో సమానం. దోషం ఆ నీటిది, ఆ పిల్లది కాదు. ఆ మాట ఆమె ఎదుటనే చెప్పి పంపించాను.

ఈ మొక్క పుట్టిల్లు బ్రెజిల్ అరణ్యం. మహావృక్షాల నీడలో, ఎప్పుడూ తడిగాలి ఆడేచోట, రాలిన ఆకుల మెత్తటి పొరలో వేళ్లూనుకొని బతికేది. మన ఓరుగల్లులో మే నెల ఎండ 42 డిగ్రీలు దాటడం అరుదేమీ కాదు. గాలిలో తేమ ఉండదు. అటువంటి చోట అది వాడిపోవడంలో వింత ఏముంది? నిలిచి బతికితేనే మెచ్చుకోవాలి. పరదేశపుదే అయినా చుట్టరికం మనకు తెలిసిన మొక్కలతోనే. పసుపు, అల్లం, అరటి, మెట్టతామర అన్నీ దాని దూరపు బంధువులే. జబ్బుపడి లేచినవారికి జావ కాచి పోసే పాలగుండ కొన్నిచోట్ల అడవి పసుపు దుంపలనుంచి, మరికొన్నిచోట్ల మారాంటా ప్రజాతికే చెందిన మరొక మొక్క దుంపలనుంచి తీస్తారు.

ఇక ఆ ఆకులు ముడుచుకోవడం మాట. ఆకు, కాడ కలిసేచోట చిన్న ఉబ్బు ఉంటుంది. అందులోని కణాలు ఒకవైపు నీటితో బిగిసి, మరొకవైపు సడలినప్పుడు ఆకు లేస్తుంది. చింతాకు, నిద్రగన్నేరు ఆకు రాత్రి ముడుచుకునేది కూడా ఇటువంటి ఏర్పాటు వల్లనే. 1729లో ఫ్రాన్సు దేశపు ఖగోళవేత్త డి మైరాన్ ఇలా ముడుచుకునే ఒక మొక్కను చీకటిలో ఉంచి చూశాడు. సూర్యుడు కనబడకపోయినా ఆకులు వేళకు విచ్చుకున్నాయి, వేళకు ముడుచుకున్నాయి. జీవుల లోపల నడిచే ఆ గడియారపు మర్మాన్ని చిన్న ఈగలలో కనుగొన్న ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇది తెలిసినందువల్ల సాయంకాలం ఆ ఆకును చూసి కలిగే ఆనందం నాకైతే ఏమీ తగ్గలేదు.

పెంచేవారికి కొన్ని మాటలు. తూర్పు కిటికీకి రెండు మూడు అడుగుల దూరంలో, ఎండ నేరుగా తగలనిచోట ఉంచండి. ఒట్టి నల్లరేగడి వద్దు. నీరు నిలిచి వేళ్లు కుళ్లుతాయి. కొబ్బరిపొట్టు, మాగిన ఎరువు, కొంత ఇసుక కలిపి, అడుగున రంధ్రమున్న కుండీలో నింపండి. పైమట్టి కొద్దిగా ఆరిన తరువాతనే నీళ్లు పోయండి. వాననీరు అన్నిటికన్న మేలు. ఏసీ నుంచి బొట్టుబొట్టుగా కారే నీరు కూడా మంచిదే, అందులో లవణాలు దాదాపు ఉండవు. బోరునీటిని కాచినంత మాత్రాన లవణాలు పోవు. వేసవిలో కూలరు నడిచే గదిలో, ఆ గాలి సూటిగా కొట్టని మూలన పెడితే తడిగాలి అందుతుంది. ఏసీ గదిలో గాలి పొడిబారి ఎర్రనల్లి పడుతుంది. వారానికొకసారి తడిగుడ్డతో ఆకులను అడుగువైపు కూడా తుడవడమే దానికి మొదటి మందు. పగటిపూట ఆకులు చుట్టుకుపోతే దాహమని తెలుసుకోండి. రాత్రి పొద్దుపోయేవరకు దీపాలు దేదీప్యమానంగా వెలిగే గదిలో అవి వేళకు ముడుచుకోకపోవచ్చు, దానికి భయపడనక్కరలేదు.

భక్తులకు ప్రత్యేకంగా ఒక మనవి. అభిషేకం చేసిన పాలు, కుంకుమ కలిసిన నీరు ఈ కుండీలో పోయకండి. పాలు మట్టిలో పులిసి ముసురు చేరుతుంది. ఆ తీర్థశేషాన్ని పెరటిలోని పెద్ద చెట్టు మొదట్లో పోయండి, అది భరించగలదు. దీపారాధన సెగకు, సాంబ్రాణి పొగకు కూడా దీనిని దూరంగా ఉంచండి. మన పూజావిధులలో దీనికి స్థానమేదీ లేదు గనుక పూజగదిలోనే ఉండితీరవలెనని నియమమేమీ లేదు. పిల్లలకు, పెంపుడు జంతువులకు ఇది విషం కాదు, హాలులో నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

దాతలకూ ఒక మాట. ఆలయ ప్రాంగణానికి ఈ మొక్కలు ఇస్తామని కొందరు ముందుకు వస్తున్నారు. రాతిగచ్చు మధ్యాహ్నం ఎంత కాలుతుందో ప్రదక్షిణ చేసిన పాదాలకు తెలుసు. అక్కడ అది వారం రోజులు నిలవదు. ఆ సొమ్ముతో మారేడు, పొగడ, పారిజాతం నాటించి, మొదటి రెండు వేసవులు నీళ్లు పోసే మనిషికి జీతం ఏర్పాటు చేయండి. మొక్క వెలకన్న ఆ జీతమే ఎక్కువవుతుంది, ముందే లెక్క వేసుకోండి.

ఇప్పటికే ఇంట్లో ప్రార్థన మొక్క ఉన్నవారు ఈ వానలలోనే దుబ్బును విడదీసి వేరు కుండీలలో నాటుకోవచ్చు. మారాంటా అయితే కణుపు కింద కత్తిరించిన కొమ్మను గ్లాసెడు వాననీటిలో ఉంచినా కొన్ని వారాలలో వేళ్లు వేస్తుంది. చూరు కింద ఒక బిందె పెట్టి, తొలి జల్లు మురికి పోయాక నీరు పట్టి మూతపెట్టుకోండి.