మన యిండ్లలోని వికలాంగులతో కొన్ని నిష్కపట సంభాషణలు

(జగ్గయ్యపేట వార్షిక మహాసభయందు చదివిన యుపన్యాసము)



ఈ సభలో విద్యను గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వరకట్నమును గూర్చియు ఏటేట ఉపన్యాసములు వినుచున్నాము. తీర్మానములును గావించుచున్నాము. వానిలో కొన్ని కార్యరూపము దాల్చినవి; కొన్ని సంచికలలో అచ్చుపడి సుఖముగా నిద్రించుచున్నవి. కాని మన యిండ్లలో కాలు లేనివారును, చూపు లేనివారును, చెవులు వినబడనివారును, బుద్ధి యెదుగనివారును గలరని యీ వేదికపై నెవ్వరైనను పలుకగా మేము వినలేదు. ఆహ్వానసంఘమువారు "మీ యిష్టము వచ్చిన విషయము" అని సెలవిచ్చిరి గనుక, ఈ విషయమునే గైకొంటిమి.

మేమును ఆ వర్గములోని వారమే. రెండవయేట మూడునాళ్లు జ్వరము వచ్చినది. పోవుచు మా కుడికాలి సత్తువను వెంట గొనిపోయినది. సూది వేయించుటచేత కాలు పడెనని యొకరును, గాలి సోకెనని యొకరును చెప్పిరి. అది పోలియో యని మా తల్లిదండ్రులకు తెలిసినది చాలకాలమునకు. నేడా రోగము మన దేశమున లేదు. 1995లో పల్స్ పోలియో చుక్కలు మొదలైనవి. 2011 జనవరిలో హౌరాజిల్లాలో రోగము సోకిన యొక పసిబిడ్డయే కడపటి రోగి. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్యసంస్థవారు ధ్రువపత్రము నిచ్చిరి. "మీ తరముతో ఈ గొడవ తీరిపోవును గదా" యని కొందఱు మమ్మోదార్చుచుందురు. తీరదు. హైదరాబాదు రహదారి మన ప్రాంతముగుండ పోవుచున్నది. దానిపై కాలో చేయియో పోగొట్టుకొన్నవారు లేని వీధి గలదా? మధుమేహముచేత పాదము తీయించుకొన్నవారును, పక్షవాతముచే మంచము పట్టినవారును నేడు మన బంధువర్గములలో పోలియోవారికంటె హెచ్చుగ నున్నారు. ఏ కులములోనికైనను పుట్టుకచేతనే ప్రవేశము. మా వికలాంగుల కులములోనికి మాత్రము ఎవ్వరైనను, ఏ దినమైనను రావచ్చును; చందా కూడ లేదు.

గత వేసవిలో నిరువురు మిత్రులను వెంటబెట్టుకొని మేము నందిగామలోను, జగ్గయ్యపేటలోను, చుట్టుప్రక్కల పల్లెలలోను మన కులస్థుల యిండ్లకు పోయి, వికలాంగులతో మాటాడి వచ్చితిమి. ఇది జనాభాలెక్క కాదు. ఆ లెక్క సర్కారువారు 2011లో తీసిరి. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో వికలాంగులు 22 లక్షలకు పైబడిరి. మేము కోరినది సంఖ్య కాదు, మాట. ఆ మాట దొరకుట యెంత కష్టమో మొదటి యింటనే తెలిసినది. చూపు లేని నడివయస్కుని ప్రక్కన కూర్చుండి, "టీలో చక్కెర యెంత వేయుమందురు?" అని ఆయననే యడిగితిమి. వంటయింటినుండి మఱదలు జవాబు చెప్పినది: "ఆయన తియ్యగానే తాగుతారండి." ఆమె లోనికి పోయిన పిమ్మట ఆయన మెల్లగా, "చక్కెర లేకుండ త్రాగవలెనని పదియేండ్లనుండి యనుకొనుచున్నాను. నన్నడిగినది మీరే" యని నవ్వెను. అప్పటినుండి మేము వికలాంగునితో ఒంటరిగానే మాటాడవలెనని నియమము పెట్టుకొంటిమి.

పిలుపుమాట యెత్తగానే అందఱును నవ్విరి. పేర్లకేమియు కొదువ లేదు. 2015 చివర ప్రధానమంత్రి "దివ్యాంగులు" అనుమనిరి. మన రాష్ట్రములోని శాఖవారు "విభిన్న ప్రతిభావంతులు" అనుచున్నారు. ఇంటిలో మాత్రము "అవిటిది", "కుంటోడు" అను మాటలే నడచుచున్నవి. నందిగామలో చంకకఱ్ఱలతో నడచు సోదరీమణి యొకర్తు, "నాకు దివ్యము వద్దు, ప్రతిభ వద్దు. మా వదిన పదిమందిలో నన్ను పేరు పెట్టి పిలిచిన చాలును" అనినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 92వ సెక్షను ప్రకారము, పదుగురు చూచుచుండగా వికలాంగుని బుద్ధిపూర్వకముగ నవమానించినవారికి ఆరుమాసములకు తక్కువ గాకుండ ఐదేండ్లవఱకు కారాగారము, జరిమానా విధింపవచ్చును. కాని వదినపైన కేసు పెట్టుట యెట్లు? మరునాడు ఆమె చేతి అన్నమే తినవలెను గదా!

పింఛను సంగతియు కొంత ముచ్చటించితిమి. 2024 జూలైనుండి మన రాష్ట్రములో వికలాంగుల పింఛను 3,000 రూపాయలనుండి 6,000 రూపాయలైనది. సదరం ధ్రువపత్రములో నూటికి నలువదివంతుల వైకల్యము తేలినవారికే ఆ భాగ్యము. ఒక ముసలాయన, "పింఛను పెరిగినప్పటినుండి మా కోడలు కాఫీ రెండుమారు లిచ్చుచున్నది" యనెను. ఆయన పరిహాసమాడెనో నిజమే చెప్పెనో మాకు బోధపడలేదు.

పెండ్లివిందులను గూర్చి యొక్కమాట. పూర్వము నేలపై బంతులు వేసినపుడు, క్రింద కూర్చుండలేని మావంటివారికి విస్తరి వెనుక వసారాలోనికి వచ్చుచుండెను. ఇపుడు పళ్లెము చేతబట్టుకొని నిలుచుండి తినవలెను. రెండు చేతులను చంకకఱ్ఱలకిచ్చినవాడు పళ్లెము నేచేత బట్టుకొనును? కావున విస్తరికి బదులు పళ్లెము వచ్చినదే గాని, వసారా వసారాగనే యున్నది.

ఇంక పెండ్లిచూపుల సంగతి. ఇది మనసంఘము సొంత వ్యవహారము గనుక కొంచెము నిలిచి చెప్పెదము. జగ్గయ్యపేటకు చేరువనున్న యొక పల్లెలో పుట్టుకతోనే చెవులు వినబడని కన్య గలదు. చదువుకొన్నది, చక్కగా వ్రాయును. ముగ్గురు ఆడపిల్లలలో పెద్దది. చెల్లెండ్రకు సంబంధములు చూచునపుడెల్ల ఆమెను అమ్మమ్మగారి యూరికి పంపుచుండిరి. మేము కాగితముపై నడుగగా ఆమె వ్రాసిన జవాబిది: "మా అమ్మ నా బట్టలసంచి తీసినప్పుడే ఇంట్లో పెళ్లిచూపులని తెలిసిపోతుంది. నాకు ఎవరూ చెప్పరు. నేనూ అడగను." ఆ కాగితము మాయొద్దనే యున్నది.

తల్లిని తప్పుపట్టవలెనని మాకు తోచలేదు. "లోపము వంశములో నున్నదందురు బాబూ, ఈ పిల్లలిద్దఱి గతియేమి?" అని ఆమె కన్నీరు పెట్టుకొన్నది. ఆ భయము కల్పితము గాదు, పుట్టించినవారము మనమే. మా చెల్లెలి పెండ్లిచూపులనాడు మమ్మును మిరపచేనికి కాపు పంపిరి. సాయంకాలమువఱకు మిరపచేనికి కాపేమి? చిత్రమేమనగా, పోలియో వంశపారంపర్యముగ వచ్చు రోగము కాదు. ప్రమాదములో పోయిన కాలును వంశములోనిది కాదు. దాచవలసిన పనియే లేనివానిని దాచుచున్నాము. విచారింపవలసినదానిని విచారించుట లేదు. మేనమామకు మేనకోడలినిచ్చుట, మేనత్తకొడుకునకు మేనమామకూతురి నిచ్చుట మనలో మర్యాదగనే సాగుచున్నది. దగ్గఱి రక్తసంబంధుల బిడ్డలలో పుట్టుచెవుడు హెచ్చుగ గన్పట్టుచున్నదని దక్షిణదేశములోని వైద్యులు పరిశోధించి చెప్పియున్నారు. తల్లియందును తండ్రియందును గుప్తముగనున్న యొకే లోపము బిడ్డయందు కలిసినపుడు బయటపడును. ఇందు శాపమును లేదు, పూర్వజన్మ పాపమును లేదు. ఆ కన్య తల్లిదండ్రులు మేనఱికమువారే. ఆమెను అమ్మమ్మ యూరికి పంపి, రెండవకూతురిని మరల మేనమామకే యిచ్చిరి! మేనఱికము లన్నియు మానుడని మేమనుటలేదు. నిశ్చయింపబోవుముందు వైద్యునితో నొకమాట యాలోచింపుడని మాత్రమే మా మనవి.

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ మన ప్రాంతపు టిలువేల్పు. తిరునాళ్లకు ప్రభలు గట్టుకొని పోవుదుము. రెండేండ్లకొకమారు అమ్మవారి విగ్రహములను రంగులు వేయించుటకు ఈ జగ్గయ్యపేటకే తెచ్చుకొందుము. ఆమె చరిత్ర మీలో ఎఱుగనివారు లేరు. అత్తింటివా రారడిపెట్టిరనియు, కుష్ఠువ్యాధి సోకగా పశువులకొట్టములో నుంచిరనియు గదా కథ. ఆ ఘట్టము కథకుడు పాడునపుడు మనయాడవారు వెక్కివెక్కి యేడ్చుట మేము చిన్ననాటినుండి చూచుచున్నాము. ఏడ్చినవారిలో మా అమ్మయు నుండెను. మమ్ము మిరపచేనికి పంపినదియు ఆమెయే. ఆమె చెడ్డది కాదు. ఆ రెండింటికిని సంబంధమున్నదని ఆమెకు తోచలేదు. చాలకాలము మాకును తోచలేదు.

ఆస్తిమాట చెప్పుటకే మేమీ వేదిక నెక్కితిమనిన తప్పులేదు. పూర్వము పుట్టుగ్రుడ్డికిని, పుట్టుచెవిటికిని, మూగకును, ఉన్మత్తునకును దాయభాగము లేదు; అన్నవస్త్రములు మాత్రము పెట్టవలెను. మనువు అట్లే విధించెను. మన దేశమున చెల్లిన మితాక్షరయు ఆ మార్గముననే నడచెను. 1928లో నాటి శాసనసభవారు చట్టము చేసి, పుట్టుకతోనే ఉన్మత్తులును జడులును అయినవారిని తక్క, మఱెవ్వరిని అంగలోపమునుబట్టి దాయమునుండి తొలగింపరాదనిరి. 1956 నాటి హిందూవారసత్వచట్టము 28వ సెక్షను ఏ రోగముగాని యే లోపముగాని వారసత్వమునకు అడ్డురాదని తేల్చివైచినది. 2016 నాటి చట్టమును స్థిరచరాస్తులపై వికలాంగుని హక్కును మరల చాటినది. ఇన్ని చట్టములైనను, మన యిండ్లలో మాత్రము మనుస్మృతియే రిజిస్టరగుచున్నది!

మొదట చెప్పిన చక్కెరలేని టీ ఆయన కథ వినుడు. తండ్రి పోయినపిమ్మట ఆరుయెకరముల పత్తిచేను పంపకమునకు వచ్చినది. ఒకనాటి యుదయమున తమ్ములిద్దఱు ఆయనకు క్రొత్త చొక్కా తొడిగి కారులో కూర్చుండబెట్టుకొని పోయిరి. వేదాద్రి నరసింహస్వామి దర్శనమునకని ఆయన యనుకొనెను. దారిలో బజ్జీలు తినిపించిరి. దిగిన చోట కాగితముల చప్పుడు వినబడినది. ఎవరో బొటనవ్రేలు పట్టుకొని అద్దించిరి. ఆయనకు సంతకము చేయుట వచ్చును, ఎవ్వరును అడుగలేదు. "నీకు భూమి యెందుకు అన్నా, మేము చూచుకొనమా?" అనిరట. అది హక్కు విడుదల పత్రము.

"మఱి చూచుకొనుచున్నారా?" యని మేమడిగితిమి.

"చూచుకొనుచున్నారు. అబద్ధమాడరాదు, మందులు పెద్దతమ్ముడే తెచ్చును. కాని అరయెకరమైనను నాపేర నుండినచో, కూరలో ఉప్పు తక్కువైనదని చెప్పియుందును."

మేము చాలసేపు మాటాడలేకపోతిమి. చక్కెరమాట అంతవఱకు మాకు పరిహాసముగనే తోచియుండెను.

ఒకవంక న్యాయము మాత్రమే చెప్పుట మంచిది కాదు. బుద్ధి యెదుగని ముప్పదియేండ్ల కుమారుని పెంచుచున్న తల్లి యొకతె నందిగామలో మమ్ము వీధిగుమ్మమువఱకు సాగనంపి, "నేను పోయిన తరువాత వీడికెవరు?" అని యడిగినది. ఆమె కడుపుకోత ఏ శాసనముచేతను తీరదు. అయినను 1999 నాటి జాతీయన్యాసచట్టము ప్రకారము జిల్లా కలెక్టరు అధ్యక్షతనుండు స్థానికసమితి యిట్టివారికి సంరక్షకుని నియమింపవచ్చును. నందిగామయు జగ్గయ్యపేటయు 2022నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో నున్నవి, దరఖాస్తు విజయవాడలోనే చేసికొనవచ్చును. ఈ సంగతి ఆమెకు చెప్పినవారు లేరు. దరఖాస్తు వ్రాసిపెట్టుటకు మన సంఘములో ప్లీడర్లు తక్కువా?

మఱియొక సంగతి. మన కృష్ణాజిల్లా బందరుప్రాంతమునందు పుట్టిన బొల్ల శ్రీకాంతుగారు పుట్టుకతో చూపులేనివారు. ఆ బిడ్డను వదిలివేయుమని కొందఱు తల్లిదండ్రులకు సలహా యిచ్చిరట. పదవతరగతి పిమ్మట సైన్సు చదువనీయకుండగా కోర్టుకెక్కి గెలిచి, అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివి, తిరిగివచ్చి కర్మాగారము స్థాపించిరి. 2024లో ఆయన చరిత్ర హిందీ చలనచిత్రముగ వచ్చినది. మాకు గర్వకారణమే. కాని చూపులేని యొక బాలుడు నందిగామలో మాతో ఏమనెనో వినుడు: "అందఱు నాకు శ్రీకాంతుగారి కథ చెప్పుదురు. నేను మా నాన్న కిరాణాకొట్టులో కూర్చుందుననినచో మాత్రము, చిల్లర పోవునందురు." కంపెనీ పెట్టినవానికి దండ వేయుదుము, కొట్టులో కూర్చుండెదననువానికి ముక్కాలిపీట వేయము. ఇందులో మెచ్చుకొనుట యెంత, తప్పించుకొనుట యెంతయో మాకు తేలలేదు.

అధ్యక్షా! మేము తీర్మానము ప్రతిపాదించుట లేదు. తీర్మానముల నిద్రను గూర్చి ముందే చెప్పితిమి గదా. మూడు పనులు మాత్రము కోరుచున్నాము. సంఘమువారు అచ్చొత్తించు వధూవరుల పట్టీలో వికలాంగుల పేర్లును చేర్పుడు. వివరములు వారి చేతనే చెప్పించుడు. ఆ చెవులు వినబడని కన్య తన వివరములను తానే వ్రాసి మాకిచ్చినది, కార్యదర్శిగారికి నేడు అందజేయుచున్నాము. రెండవది, పంపకముల కాగితములు సంఘపెద్దలయెదుట వ్రాసికొనునపుడు, ఆ యింటి వికలాంగుని వేఱుగ కూర్చుండబెట్టి ఆయన మాట వినకుండ సాక్షిసంతకము చేయకుడు.

మూడవది చిన్నది, నేటిదే. భోజనములు మేడపైన నేర్పాటు చేసిరని వింటిమి. ఇరువది రెండు మెట్లున్నవి, ప్రొద్దుటనే లెక్కపెట్టితిమి. క్రింది వరండాలో నాలుగు బల్లలు వేయించినచో మేము పదునలుగురము అచట కూర్చుందుము. మెట్లెక్కగలవారును కొందఱు వచ్చి మాతో కూర్చుండిన సంతోషింతుము.