తనంతట తాను మారు గేరుపెట్టె – దాని నూనె



డ్రైవరు చేయి తగులకయే తనంతట తాను గేర్లు మార్చుకొను మోటారు గేరుపెట్టెను గూర్చి నేడు కొంత మనవి చేసెదను. ఇది పట్టణపు ముచ్చట యని తలపవలదు. అట్టి కార్లు పల్లెలకును వచ్చుచున్నవి. చెడినపుడు బాగుచేయించు సొమ్ము తఱచుగా పంట రాబడినుండియే పోవును.

బండి యిరుసునకు కందెన పెట్టుట మీరెఱిగినదే. ఇరుసు అరగకుండుటయే దాని పని. ఈ పెట్టెలోని నూనెకు ఆ పనియే గాక మఱి నాలుగు కలవు. ఇంజనుతో తిరుగు ఱెక్కలు నూనెను విసరగా, పాఱు నీరు మరచక్రమును త్రిప్పినట్లు అది యెదుటి ఱెక్కలను త్రిప్పును. సన్నని కాలువలలో ఒత్తిడితో పోయి క్లచ్చి బిళ్లలను బిగించును. వేడిని మోసికొనిపోవును. కడపటిది, బిళ్లలు కలియునపుడు తగినంత జారి, పిదప గట్టిగా పట్టునట్లు చేయుట. ఈ గుణము నూనెలో కలిపిన మందులవలన వచ్చును.

అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1940 సంవత్సరపు ఓల్డ్స్‌మొబైల్ కార్లలో ఇట్టి పెట్టెను హైడ్రా-మాటిక్ అను పేర ప్రవేశపెట్టిరి. 1949లో దాని నూనెకు ‘టైపు ఏ’ అను ప్రమాణమును ఏర్పఱచిరి. పూర్వము ఈ నూనెలలో తిమింగిలపు నూనె కలిపెడివారు. 1970 దశాబ్దపు ఆరంభమున అమెరికాలో దానిని నిషేధింపగా వేఱు మందులు వచ్చినవి. పిమ్మట ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క ప్రమాణమును పెట్టుకొనెను.

అడిక్‌మెట్‌లో, ఉస్మానియా విశ్వవిద్యాలయపు చెంత, నాకొక చిన్న కార్ఖానా కలదు. కొన్నేండ్ల క్రిందట ఒక రైతు, కుమార్తెను విశ్వవిద్యాలయమున దింపవచ్చి, తార్నాకలో కారు సాగక నిలిచిపోగా నాకడకు తోయించుకొని వచ్చెను. పెట్టెను విప్పి, కాలిన బిళ్లలను, గట్టిపడిన రబ్బరు సీళ్లను మార్చితిని. క్రొత్త బిళ్లలను నూనెలో నానవేసి కూర్చితిని. కాలువలలో నూలుపోగైనను మిగులనీయలేదు. కన్వర్టరు పంపులో పూర్తిగా కూర్చున్నదని చూచిన పిమ్మటనే బోల్టులు బిగించితిని. ఇంత చేసియు తుదకు తప్పితిని. పాత నూనె ఎఱుపు. అంగడిలో దొరకినదియు ఎఱుపు. అదియే యిది యనుకొని పోసితిని. కారు పుస్తకము తెఱచి చూడనైతిని.

నెల తిరుగకమునుపే, కదలునపుడు కారు వణకుచున్నదని ఆయన మరల వచ్చెను. నూనెను వాసన చూడగా మాడు వాసన. విప్పి చూడగా బిళ్లలు నల్లబడియున్నవి. పుస్తకమున చెప్పిన నూనె వేఱు. ఎఱుపు, నూనె కారినపుడు గుర్తించుటకై కలిపిన రంగే గాని గుణము కాదు. తప్పు నాదని యొప్పుకొని, కూలియు సామాను ఖర్చును నేనే భరించి మరల కట్టితిని. ఆయన కోపపడలేదు. “రంగు జూసి విత్తనం కొంటమా తమ్మీ?” అని మాత్రమనెను. ఆ మాటకు నాకు తల వంగినది.

కావున మీ యింటి కారు విషయమున మూడు సంగతులు గుర్తుంచుకొనుడు. మొదటిది, పుస్తకమున వ్రాసిన ప్రమాణము పేరు నూనె డబ్బాపై నున్నదా యని చదివి చూడుడు. రెండవది, కారులోని పెట్టె యే జాతిదో తెలిసికొనుడు. 2014లో మారుతీ సెలేరియోతో మన దేశమున వ్యాపించిన ఏ.ఎమ్.టి. పెట్టె, మామూలు గేరుపెట్టెకే యంత్రపు చేయి తగిలించినది. దానికి గేరునూనెయే కావలెను. ఉక్కు పట్టీతో నడచు సి.వి.టి. పెట్టెకు వేఱు నూనె. మూడవది, నూనె మట్టమును పుస్తకమున చెప్పిన వేడిలోనే చూడవలెను. చల్లగా నున్నప్పటి మట్టము వేఱు, వేడెక్కినప్పటి మట్టము వేఱు.

నూనెలో మునిగిన బ్రేకులు గల ట్రాక్టరునకును ఇదే న్యాయము. మేస్త్రీ యెంత నేర్పరియైనను, “ఏ నూనె పోసితివి? డబ్బా చూపుము” అని యడుగుటకు మీరు మొగమాటపడవలదు. నన్నా దినమున ఎవరైన అట్లడిగియున్న బాగుండెడిది.

సెలవు.